గుండెకు సెలవుల లెక్క తెలియదు



నేను వైద్యుణ్ణి కాను, కంప్యూటర్ల రంగంలో పనిచేస్తున్నాను. అయినా ఈ పూట గుండె జబ్బుల గురించి మాట్లాడదలచుకున్నాను. ఎందుకంటే ఖతార్‌లో మనవాళ్ళ నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: "సెలవులో ఇండియా వెళ్ళినప్పుడు చూపించుకుందాంలే!" కళ్ళజోడు మార్చుకోవడానికైతే అలా ఆగవచ్చు. గుండె విషయంలో ఆ లెక్క పనికిరాదు.

52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం, దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వస్తోంది. మిగతా దేశాలవారికి దాదాపు 59. అంటే మనం ఉద్యోగంలో ఉండగానే, పిల్లల చదువులు పూర్తికాకముందే అన్నమాట. అయితే 2004లో వెలువడిన ఆ ఫలితాలే ధైర్యం కూడా చెప్పాయి. ముప్పులో దాదాపు 90 శాతానికి తొమ్మిది కారణాలు చాలు. పొగాకు, కొలెస్ట్రాల్, బి.పి., షుగరు, పొట్ట, మానసిక ఒత్తిడి, వ్యాయామం లేకపోవడం వాటిలో ఉన్నాయి. చాలావరకు మనం అదుపు చేసుకోగలిగినవే.

బి.పి., కొలెస్ట్రాల్ పెరిగినా బయటికి ఏమీ తెలియదు. రక్తనాళాల గోడల్లో కొవ్వు ఏళ్ళ తరబడి పేరుకుంటుంది. ఒకనాడు ఆ పొర చిట్లి, రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. అందుకే బాగున్నప్పుడే పరీక్షలు చేయించుకోవాలి. ఊరినుంచి తెచ్చుకున్న మాత్రలు అయిపోతే మానేసి మళ్ళీ సెలవు దాకా గడిపేవారున్నారు. అది చాలా ప్రమాదం. పాత మందుల చీటీ పట్టుకెళ్ళి ఇక్కడి డాక్టరునే కలవండి.

ఇంట్లో ఒక టేపు చాలు. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములలోపే, అంటే ఒక చిన్న చెంచా. ఆవకాయ, అప్పడం కూడా ఆ లెక్కలోవే! వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున నడవండి. చలికాలంలో కార్నీష్ ఉంది, ఎండాకాలంలో మాల్స్ ఉన్నాయి.

ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే "గ్యాసేమో" అని సోడా తాగి పడుకోకండి. ఆడవారిలో, షుగరు ఉన్నవారిలో నొప్పి లేకుండానే ఆయాసం, నీరసం రావచ్చు. వెంటనే 999కి ఫోన్ చేయండి. సొంతంగా కారు నడుపుకుంటూ వెళ్ళకండి. దోహాలో హమద్ వారి హార్ట్ హాస్పిటల్ గుండె కోసమే ఉంది. ఆ నంబరు పిల్లలకు, గదిలోని స్నేహితులకు కూడా చెప్పి ఉంచండి.

ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా "నాన్నా, బి.పి. చూపించుకున్నారా?" అని అడుగుతాం. ఈ వారం ఆ ప్రశ్న మనల్ని మనమే వేసుకుందాం.