జీతాల పట్టీ నుండి స్కాను యంత్రం దాకా
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



“గణితంలో కొత్తగా కనిపెట్టడానికి ఇంకా ఏముంది? కనిపెట్టినా మనకు ఒరిగేదేమిటి?” అని మనవాళ్లు చాలామంది అంటూంటారు. సర్వీసంతా అంకెలతో కాలం గడిపిన గుమాస్తాగా దీనికి నాకు తోచిన జవాబు మనవి చేస్తాను.

ఒక బొమ్మ గుండా అన్ని వైపుల నుండి పోయే గీతల వెంబడి మొత్తాలు తెలిస్తే, ఆ బొమ్మను తిరిగి రాబట్టవచ్చునని 1917లో ఆస్ట్రియా గణితవేత్త జోహాన్ రాడాన్ నిరూపించారు. అప్పటికి అది వట్టి గణితమే. 1971లో లండనులో తొలిసారి ఒక రోగికి సీటీ స్కాను తీశారు. దాని వెనుక ఉన్న లెక్క అదే.

ఇక ఎమ్మారై సంగతి. ఆ గొట్టంలో కదలకుండా పడుకోవడం, చెప్పినప్పుడల్లా ఊపిరి బిగబట్టడం మన వయసువారికి ఎంత కష్టమో తెలిసిందే. యంత్రం వేలకొద్దీ కొలతలు తీసుకోవాలి గనుక ఆలస్యం. 2006లో కాండెస్, రోంబెర్గ్, టావో, డోనోహో అనే గణితవేత్తలు కొద్దిపాటి కొలతలతోనే పూర్తి బొమ్మ రాబట్టవచ్చునని, అది ఎప్పుడు సాధ్యమో కూడా నిరూపించారు.

మన భాషలో చెబుతాను. ముప్పైమంది ఉద్యోగుల పన్నెండు నెలల జీతాల పట్టీలో 360 అంకెలుంటాయి. నకలులో ఒకే ఒక తప్పు పడిందనుకోండి. 360 అంకెలూ సరిచూడనక్కరలేదు. 30 అడ్డు మొత్తాలు, 12 నిలువు మొత్తాలు అసలుతో పోల్చితే చాలు. తేడా వచ్చిన రెండు వరుసలూ కలిసే గడిలోనే తప్పు దొరుకుతుంది. తప్పు ఒక్కటే గనుక 42 మొత్తాలతో పని తీరింది. తప్పులు పెరిగితే ఈ కిటుకు సాగదు.

స్కాను బొమ్మనూ తగిన రీతిలో అంకెలుగా మార్చి రాసుకుంటే, విలువైన అంకెలు కొద్దే. మిగతావి దాదాపు సున్నాలు. అందుకే తక్కువ కొలతలు చాలుతాయి. 2017లో అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఈ పద్ధతిగల ఎమ్మారై యంత్రాలకు అనుమతి ఇచ్చింది. అన్ని ఆసుపత్రులలోనూ ఇది ఉందని కాదు. ఉన్నచోట రోగికి కొంత యాతన తగ్గుతోంది.

రాడాన్ లెక్క రోగిని చేరడానికి 54 ఏళ్లు పట్టింది. ఈ రెండోదానికి 11 ఏళ్లే. ఏ లెక్క ఎప్పుడు ఎవరికి అక్కరకొస్తుందో ముందుగా చెప్పలేము. కనుక మీ ఇంట మనవడో మనవరాలో “నేను గణితమే చదువుతాను” అంటే, “దానితో ఉద్యోగం వస్తుందా?” అని వెంటనే అడ్డుపడవద్దని, నాలుగు మంచి మాటలు చెప్పి ప్రోత్సహించమని మిమ్మల్నందరినీ కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.