ఏమీ లేని మనిషికి గోలీలెందుకు?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

"నీ పరిశోధన గురించి చెప్పు, కానీ మాకు నిద్ర రాకుండా చెప్పు" అన్నారు కమిటీ వాళ్లు. అందుకని ప్రయోగశాల నుంచి కాకుండా మా వాడకట్టు నుంచి మొదలుపెడతాను.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒక రాత్రి, పది దాటినంక, దవాఖానా వాళ్లు మా ఇంటికొచ్చి అందరి వేళ్లకు సూది గుచ్చి గాజుపలకల మీద రక్తం తీసుకున్నారు. "దొంగల లెక్క రాత్రిపూట వస్తరేంది" అని మా నాయనమ్మ తిట్టింది. మా మేనత్తకు అప్పటికే ఎడమ కాలు బిందెంత వాచి ఉంది. ఆమె రక్తంలో పురుగు లేదు. రోజంతా అరక దున్నే మా బాపుకు ఏ జబ్బూ లేదు. పురుగు ఆయన రక్తంలో ఉంది! "కాలు వాచింది అక్కకైతే గోలీలు నాకా?" అని ఆయన ఒక్కటి కూడా మింగలేదు. ఆ ప్రశ్నకు సరైన జవాబు తెలియడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.

రాత్రే ఎందుకొచ్చారో ముందు చెబుతాను. బోదకాలు పురుగు పిల్లలు రాత్రిపూటే పైరక్తంలోకి వస్తాయి. మోరీల్లో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టేదీ అప్పుడే. ఈ పురుగు దోమలో పెరుగుతుందని చైనాలో పనిచేసిన పాట్రిక్ మాన్సన్ 1877లో కనిపెట్టాడు. 1897లో మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్న రోనాల్డ్ రాస్‌కు దారి చూపింది ఆయనే.

ఇక అసలు సంగతి. పెద్ద పురుగులు శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి కాపురం చేసి లక్షల పిల్లలను కంటాయి. అంతకాలం మన రోగనిరోధక కణాలు ఏం చేస్తున్నట్టు?

మన ఒంట్లో డెండ్రిటిక్ కణాలని ఉంటాయి, కొమ్మల్లా చేతులు చాచుకుని. రాల్ఫ్ స్టైన్‌మన్ వీటిని 1973లో గుర్తించాడు. 2011లో ఆయనకు నోబెల్ ప్రకటించారు. మూడు రోజుల ముందే ఆయన చనిపోయిన సంగతి ప్రకటించినవాళ్లకు తెలియదు పాపం. ఈ కణాలు ఊరి కావలికారు వంటివి. పరాయిది కనబడితే దాని ముక్క పట్టుకెళ్లి టి కణాలకు చూపిస్తాయి. అయితే ఏ గొంతుతో చెప్పాయన్నదే ముఖ్యం. ఆ గొంతును మార్చేవి సైటోకైన్లు, అంటే కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే చిన్న ప్రోటీన్లు.

చుట్టూ ఇంటర్‌ఫెరాన్ గామా, టిఎన్ఎఫ్ వంటివి ఉంటే కావలి కణం "కొట్టండి" అని అరుస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-10, టిజిఎఫ్-బీటా ఎక్కువైతే అదే కణం మెత్తబడుతుంది. పురుగు ముక్కను చూపిస్తుంది గానీ ఉసిగొల్పదు. అది చూసిన టి కణాల్లో కొన్ని మందగిస్తాయి, కొన్ని నియంత్రక టి కణాలుగా మారి తోటి కణాలను కూడా ఆపుతాయి. అవి మళ్లీ ఇంటర్‌ల్యూకిన్-10నే వదులుతాయి. దాంతో ఆ నెమ్మది ఇంకా గట్టిపడుతుంది.

ఈ ఏర్పాటు పురుగు కోసం పుట్టింది కాదు. తిన్న అన్నం మీద, కడుపులో బిడ్డ మీద, సొంత కీళ్ల మీద మన కణాలే దాడి చేయకుండా పుట్టింది. నియంత్రక టి కణాల మీద చేసిన పనికే 2025లో సకాగుచి, బ్రంకో, రామ్స్‌డెల్‌లకు నోబెల్ ఇచ్చారు. పురుగు ఈ సౌకర్యాన్ని తనకు అనుకూలంగా వాడుకుంటుంది. రక్తంలో పురుగు పిల్లలు ఉండి, పైకి బాగున్నవాళ్ల కణాలు పురుగు పదార్థానికి పెద్దగా స్పందించవనీ, వాళ్లలో ఇంటర్‌ల్యూకిన్-10 ఎక్కువనీ చెన్నైలో ఏళ్ల తరబడి జరిగిన పరిశోధనలు చూపించాయి. మా బాపు ఆ బాపతు. మా మేనత్త ఒంట్లో పోరు గట్టిగా జరిగింది. నాళాలు దెబ్బతిన్నాయి, వేళ్ల సందు పుండ్ల గుండా బాక్టీరియా చేరి వాపు పెరిగింది.

అంటే దోమకు పురుగును అందించేది వాచిన కాలు కాదు, బాగున్న మనిషి. మా ఇంట్లో లెక్క తలకిందులైంది ఇక్కడే. ఊరంతటికీ గోలీలు పంచే పద్ధతి, దేశంలో 2004లో పెద్ద ఎత్తున మొదలైంది, అందుకే. రెండేళ్లలోపు పిల్లలను, గర్భిణులను, తీవ్రంగా జబ్బుపడినవాళ్లను తప్ప ఎవరినీ వదలరు. గోలీ మింగినంక జ్వరం, తలనొప్పి వస్తే "వికటించింది" అని ఊరు బెదురుతుంది. ఎక్కువగా అవి వచ్చేది ఒంట్లో పురుగున్నవాళ్లకే. పురుగు పిల్లలు చచ్చేసరికి ఇన్నాళ్లూ మెత్తగా ఉన్న కణాలకు "కొట్టండి" అన్న కబురు అందుతుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. సర్పంచులుగా, టీచర్లుగా ఉన్న మిత్రులు ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంచితే సగం గోలీలు చెత్తకుప్పలో పడవు.

ఆ గోలీల్లో ఒకటైన డిఇసి 1947లో అమెరికాలోని లెడర్లీ కంపెనీ నుంచి వచ్చింది. దాన్ని తెచ్చిన బృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

కొన్నేళ్ల కింద ఆశా అక్క మా గడపలోకి వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. బాపు ఎప్పటిలాగే "నాకేం లేదు బిడ్డా" అన్నాడు. నేను ఇంటర్‌ల్యూకిన్లు చెప్పలేదు. "అక్క కాలు యాదికున్నదా? ఆ పురుగు నీ దగ్గరి నుంచే పోయి ఉంటది" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెంబు తెమ్మన్నాడు.