ఎగువ నీళ్లు, దిగువ గడ్డి



తెలుగులో విజ్ఞాన రచన చేసేవాళ్ల సభకు అధ్యక్షత వహించమని నిర్వాహకులు అడిగినప్పుడు ముందు వద్దనే అన్నాను. ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి. మొదలుపెడితే గంట కొట్టేదాకా ఆపలేని జబ్బు నాది. ఇక్కడ గంట ఉండదని వాళ్లు ధైర్యం చెప్పారు. మీ అదృష్టం బాగుండి ఎదురు గోడకు గడియారం ఉంది.

ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. పాతికేళ్ల కిందట ఒక వారపత్రికకు పులికాట్ సరస్సు మీద వ్యాసం రాశాను. ఇంగ్లీషు పుస్తకంలో ‘సీగ్రాస్’ అని ఉన్న చోటల్లా ‘నాచు’ అని రాసేశాను. సంపాదకుడు పట్టుకోలేదు, పాఠకులూ పట్టుకోలేదు. మరుసటి ఏడు విద్యార్థులను వెంటబెట్టుకుని ఆ సరస్సుకే వెళ్లాను. మోకాటి లోతు నీళ్లలో పడవ ఆగింది. పడవ నడిపే పెద్దాయన చెయ్యి ముంచి, బురదతో సహా కాస్త పచ్చదనం పెళ్లగించి నా అరచేతిలో పెట్టాడు. “ఇదీ నాచు” అని పిల్లలకు చూపించాను. ఆయన నవ్వాడు.

“నాచంటారేంది సార్! నాచుకి వేరుంటదా? ఇది గడ్డి. రొయ్యపిల్ల దీన్లోనే గదా పెరిగేది.”

అరచేతిలోకి మళ్లీ చూసుకున్నాను. గోరంత ఆకులు, జంటలు జంటలుగా. వాటిని కలుపుతూ తెల్లటి దారం లాంటి కాండం. కణుపు కణుపుకీ ఒక వేరు, వేరును వదలని నల్లటి బురద. మన పెరట్లో గరిక పాకే తీరు ఏదో, నీటి అడుగున దీని తీరూ అదే. వృక్షశాస్త్రంలో దీన్ని హాలోఫిలా అంటారు. ఆ పేరు నాకు నోటికొచ్చు. మొక్కను గుర్తు పట్టడం మాత్రం పడవాయన దగ్గర నేర్చుకున్నాను.

నాచుకూ దీనికీ ఉన్న తేడా మాటల తేడా అనుకోవద్దు. నాచుకు నిజమైన వేరు లేదు, పువ్వు లేదు. సముద్రపు గడ్డికి వేరుంది, నీరెక్కే నాళాలున్నాయి, పువ్వుంది, కాయుంది, గింజ ఉంది. నిజానికి ఇది వరి, గరికల కుటుంబంలోది కూడా కాదు. ఎన్నో కోట్ల ఏళ్ల కిందట నేల మీద బతికిన పూలమొక్కల్లో కొన్ని మళ్లీ ఉప్పునీళ్లలోకి దిగి, అక్కడే కాపురం పెట్టాయి. వాటి సంతతి ఇది. దీని పుప్పొడిని మోయడానికి తేనెటీగ రాదు; ఆ పని నీరే చేస్తుంది. ప్రపంచం మొత్తం మీద ఈ జాతులు డెబ్బైకి కాస్త అటూ ఇటూ ఉంటాయి. పూలమొక్కలు లక్షల్లో ఉంటే, సముద్రంలో సంసారం చేయగలిగినవి ఇంతే.

ఇంత చిన్న గుంపు చేసే చాకిరీ మాత్రం పెద్దది. వేళ్లు బురదను పట్టి ఉంచుతాయి. ఆకులు అలల ఊపు తగ్గించి, నీటిలో తేలే మన్నును కిందికి దింపుతాయి. పీతలు, రొయ్యలు, చేపపిల్లలు పెద్దవాటి నోటికి చిక్కకుండా ఇక్కడే ఎదుగుతాయి. చచ్చిన ఆకూ వేరూ గాలి తగలని బురదలో కూరుకుపోవడం వల్ల, వాటిలోని కార్బన్ వందల ఏళ్లు అక్కడే ఉండిపోతుంది. తమిళనాడు తీరాన పాక్ అఖాతంలో మిగిలిన సముద్రపు ఆవులకు, అంటే డ్యూగాంగులకు, ఈ గడ్డే తిండి. 2022లో అక్కడ 448 చదరపు కిలోమీటర్ల మేర వాటికోసం ఒక రక్షిత ప్రాంతాన్ని ప్రకటించారు. అదే ఏడు ఐక్యరాజ్యసమితి మార్చి 1ని ప్రపంచ సముద్రపు గడ్డి దినోత్సవంగా ప్రకటించింది. ఒకదానికి దినోత్సవం పెట్టారంటే దానికి రోజులు దగ్గర పడ్డాయని నాకు భయం. 2009లో మిషెల్ వేకాట్, ఆమె సహచరులు ప్రపంచవ్యాప్తంగా దొరికిన కొలతలన్నీ ఒకచోట చేర్చి చూశారు. 1879 నుంచి లెక్కల్లో ఉన్న గడ్డి మైదానాల్లో 29 శాతం అప్పటికే లేవు.

ఇది ఎందుకు పోతోంది? లంగరు గుచ్చుకుంటుంది, పడవ మర కోస్తుంది, మట్టి తవ్వే యంత్రం పెళ్లగిస్తుంది. ఇవన్నీ కంటికి కనిపించే దెబ్బలు. నదులు సముద్రంలో కలిసే చోట అసలు దెబ్బ కంటికి కనిపించదు. అది చీకటి. సూక్ష్మమైన నాచు, నీటి మీద పడే వెలుతురులో నూటికి ఒక పాలు అందినా బతికేస్తుంది. సముద్రపు గడ్డికి చాలా జాతుల్లో పది నుంచి ఇరవై పాళ్లు కావాలి. బురదలో దిగిన వేళ్లకు ఊపిరి పంపేది ఆకులే కాబట్టి ఆ మాత్రం వెలుతురు తప్పనిసరి. ఎగువన పొలంలో ఎక్కువైన యూరియా, పట్నం మురుగు, రొయ్యల చెరువుల్లో మిగిలిన మేత, అన్నీ కలిసి నైట్రోజన్ రూపంలో దిగువకు చేరతాయి. ఆ బలంతో నాచు నీటినిండా పెరుగుతుంది, గడ్డి ఆకుల మీద కూడా పొరగా కమ్ముతుంది. గడ్డిని ఎవరూ పీకరు. వెలుతురు అందక అది తనంతట తానే కుళ్లుతుంది. చూడండి, నాచు అని మనం పేరు పెట్టిన మొక్కను చంపుతున్నది అసలు నాచు!

కాబట్టి నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ గడ్డిని కాపాడే పని గడ్డి ఉన్న చోట లేదు. ఎగువన ఉంది, దాన్ని ఎన్నడూ చూడని వాళ్ల చేతుల్లో ఉంది.

దీనికి నాకు తెలిసిన మంచి సాక్ష్యం అమెరికాలో ఫ్లోరిడా పడమటి తీరాన ఉన్న టాంపా అఖాతం. 1950లో అక్కడ సుమారు 40 వేల ఎకరాల్లో గడ్డి ఉండేది. చుట్టూ ఊళ్లు పెరిగి, అరకొరగా శుద్ధి చేసిన మురుగు అందులోకే వదలడంతో 1982 నాటికి 22 వేల ఎకరాలు కూడా మిగల్లేదు. నీళ్లు పచ్చటి గంజిలా మారాయి. జనం కంపు భరించలేక గొడవ చేస్తే, 1972లోనే ఆ రాష్ట్రం మురుగు శుద్ధికి గట్టి చట్టం చేసింది. 1979కి టాంపా నగరం తన శుద్ధి కేంద్రాన్ని బాగు చేసుకుంది. ఆ తర్వాత స్థానిక ప్రభుత్వాలు, ఎరువుల కంపెనీలు, విద్యుత్ సంస్థ ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఎవరి వాటా నైట్రోజన్ ఎంతో లెక్క కట్టి ఒప్పుకున్నాయి.

ఆ లెక్కలో నాకు బాగా నచ్చిన ముచ్చట ఒకటుంది. అఖాతం ఒడ్డున ఉన్న పినెలాస్ కౌంటీ 2010లో ఒక నిబంధన తెచ్చింది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా, అంటే వానాకాలమంతా, ఇంటి ముందు పచ్చికకు నైట్రోజన్ ఎరువు వెయ్యకూడదు. వాన పడితే ఆ ఎరువు కాలవలోకే పోతుందని కారణం. దిగువ గడ్డి బతకాలని ఎగువ గడ్డిని నాలుగు నెలలు పస్తు పెట్టారన్నమాట.

2016 కొలతకు అఖాతంలో గడ్డి 41 వేల ఎకరాలు దాటింది. అఖాతం చుట్టూ జనాభా ఎన్నో రెట్లు పెరిగినా, గడ్డి తన పాత చోటుకు తిరిగొచ్చింది. ఇక్కడితో ఆపేస్తే కథ బాగుండేది. 2022లో కొలిస్తే 30 వేలకు పడిపోయింది. అఖాతం పై భాగంలో ఏటా వేసవిలో నాచు ఉధృతంగా పెరుగుతోంది, నీరు వేడెక్కుతోంది. 2021లో పైనీ పాయింట్ అనే చోట మూతపడ్డ ఎరువుల కర్మాగారం తాలూకు చెరువు కట్ట తెగేలా ఉందని, 21 కోట్ల గ్యాలన్ల పైచిలుకు కలుషిత నీటిని అఖాతంలోకి వదిలారు. పోయినదంతా దానివల్లే కాదు గానీ, ముప్పై ఏళ్లకు పైగా కూడబెట్టినదాంట్లో సగానికి పైగా ఆరేళ్లలో పోయింది. ఈ పనిలో గెలిచామని ఇంటికెళ్లి పడుకునే రోజు ఉండదు.

“గడ్డి పోతే మళ్లీ నాటుకోవచ్చు గదా” అని అడిగేవాళ్లున్నారు. దానికి జవాబు వర్జీనియాలో దొరుకుతుంది. 1930లలో ఒక తెగులూ, 1933లో వచ్చిన తుపానూ కలిసి అక్కడి తీరపు అఖాతాల్లో ఈల్‌గ్రాస్ అనే గడ్డిని ఊడ్చిపెట్టేశాయి. దాంతో ఆల్చిప్ప జాతికి చెందిన స్కాలప్‌లు పోయాయి, వాటి వ్యాపారమూ పోయింది. అరవై ఏళ్లకు పైగా ఆ అడుగు బోడిగానే ఉంది. ఈ శతాబ్దం మొదట్లో రాబర్ట్ ఆర్థ్ అనే శాస్త్రజ్ఞుడి బృందం విత్తడం మొదలుపెట్టింది. వసంతంలో స్వచ్ఛంద కార్యకర్తలు నీళ్లలో మునిగి, గింజ పట్టిన కాడలను చేత్తో కోసేవారు. వేసవంతా తొట్లలో ఉంచి గింజ రాల్చేవారు. నువ్వు గింజను తలపించే ఆ విత్తనాన్ని చలికాలానికి ముందు పడవలోంచి చల్లేవారు. నారు లేదు, దుక్కి లేదు, వెదజల్లుడే! ఇరవై ఏళ్లలో ఏడు కోట్లకు పైగా గింజలు చల్లితే దాదాపు 3,600 హెక్టార్లు పచ్చబడింది. చల్లడం ఎంత గొప్పో అంతకంటే గొప్ప విషయం, అక్కడ నీళ్లు అప్పటికే తేటగా ఉండటం. కలుషిత నీళ్లలో అదే విత్తనం అదే చేత్తో చల్లితే మొలక లేస్తుంది, వెలుతురు లేక కూలుతుంది. విత్తనం కన్నా ముందు నీళ్లు.

మన దగ్గరికి వద్దాం. తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాలు గంజాం తీరం పొడవునా ఉన్నాయి. చిలికా సరస్సు వాళ్లకు దూరం కాదు. ఇసుక మేటలతో సముద్రపు నీరు ఆడక, చిలికాలో ఉప్పు తగ్గి, తీపినీటి కలుపు పెరిగింది. 1993లో దాన్ని ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలో పెట్టారు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వారు. ఉప్పు తిరిగొచ్చింది, కలుపు తగ్గింది, సముద్రపు గడ్డి పరచుకుంది. 2002లో చిలికా ఆ జాబితాలోంచి బయటపడింది. అక్కడ గడ్డిని ఎవరూ నాటలేదు. నీటికి దారి ఇచ్చారు, గడ్డి తానే వచ్చింది.

పులికాట్‌దీ అదే నొప్పి. ఇసుకతో పూడే ముఖద్వారాల గురించి ఒడ్డున ఏ జాలరిని అడిగినా పూట గడిచేదాకా చెబుతాడు. ఇక మన ఉప్పుటేర్ల సంగతి. దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. చెరువు పట్టినప్పుడు అడుగున మిగిలిన మేత, మలం కలిసిన నీరు డ్రెయిన్‌లోకి, డ్రెయిన్‌లోంచి ఉప్పుటేరులోకి పోతుంది. రొయ్యల రైతును దోషిగా నిలబెట్టడం తేలిక. కానీ ఆయన చెరువు నింపుకునేదీ ఆ ఏటి నీళ్లతోనే. పక్క చెరువు తెగులు ఈ చెరువుకు ఎక్కేదీ ఆ నీళ్లలోనే. నీళ్లు తేరుకునే చిన్న కుంటలో కొన్నాళ్లు నిలిపి వదిలితే గడ్డికెంత మేలో రైతుకూ అంతే మేలు. ఆ మాట ఆయనకు ఆయన భాషలో చెప్పాల్సింది మనం. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు సముద్రపు గడ్డిని అత్యంత సున్నితమైన మొదటి తరగతిలో చేర్చాయి. మంచిదే. ఆ నిబంధన గీత తీరం దగ్గర ఆగిపోతుంది. యూరియా బయలుదేరేది ఆ గీతకు చాలా ఎగువన.

అందుకే ఈ సంగతి శాస్త్రజ్ఞుల సభలో కాకుండా రాసేవాళ్ల సభలో ఎత్తాను. మీలో పత్రికలకు రాసేవాళ్లు ఇకనుంచి సీవీడ్‌కు నాచు అనండి, సీగ్రాస్‌కు సముద్రపు గడ్డి అనండి. నాచు అంటే తీసెయ్యాల్సింది అని మన ఇళ్లలో నూతిగట్టు దగ్గరే నేర్పేశారు. ఆ మాట తగిలించాక దాన్ని కాపాడమని ఎంత రాసినా ఎవరికీ ఎక్కదు. జాలర్ల నోట ఉన్న పేర్లు పోగు చేయండి, అవి నా పాఠ్యపుస్తకాల కన్నా పాతవి.

విద్యార్థులకు ఇంకో పని. 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ మతగురువు, ఖగోళ శాస్త్రజ్ఞుడు, తెల్లటి పళ్లాన్ని తాడుతో సముద్రంలోకి దింపి అది కనుమరుగయ్యే లోతు కొలిచాడు. నీటి తేటదనం కొలవడానికి నేటికీ అదే పద్ధతి. ఇంట్లో పాత స్టీలు పళ్లెం ఒకటి తీసుకోండి. నాలుగు భాగాలు చేసి, తెలుపూ నలుపూ ఒకటి విడిచి ఒకటి వెయ్యండి. మధ్యలో చిల్లు పెట్టి తాడు కట్టండి, తాడుకు జానెడుకొక ముడి. నెలకోసారి మీ ఊరి ఏటి మీద వంతెన ఎక్కి దింపండి. ఎన్నో ముడి దగ్గర పళ్లెం మాయమైందో, తేదీ వేసి రాసిపెట్టుకోండి. వాన పడ్డాక ఎంత, చెరువులు పట్టిన వారం ఎంత, ఎండాకాలం ఎంత. ఏడాది తిరిగేసరికి మీ దగ్గర ఏ ఆఫీసులోనూ లేని పుస్తకం ఉంటుంది.

వచ్చే ఏడు సభకు నన్ను అధ్యక్షుడిగా పిలవరు, పిలవకూడదు కూడా. శ్రోతగా వస్తాను. మీ ముడుల లెక్క వినడానికి వస్తాను. ఇప్పుడు మొదటి పత్రం సమర్పించేవారిని వేదిక మీదికి ఆహ్వానిస్తూ, సెలవు.