చెప్పాపెట్టకుండా నాపాకి

ఈ మధ్య ఎపిసోడ్లు కొంచెం ఆలస్యమయ్యాయి. ఎందుకో ఇవాళ్టి కబుర్లలో మీకే తెలుస్తుంది. పెద్ద విషయమేం కాదు. ఆఫీసు, ప్రేమ, వైన్. ఈ మూడూ నాకు ఒకే రోజు, ఒకే టేబుల్ మీద ఎదురయ్యాయి.

ముందు ప్రేమ సంగతి. మాది పెద్దలు కుదిర్చిన పెళ్ళి. 2008లో తణుకులో అయింది. మేం ఉండేది కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో. మా ఆఫీసులో మేనేజర్‌కి 61 ఏళ్ళు. మా నాన్నగారికన్నా నాలుగేళ్ళు చిన్న, అంతే. ఆయన్ని హాయిగా పేరు పెట్టి పిలుస్తాను. నాకన్నా మూడేళ్ళు పెద్దయిన మా ఆయన్ని మాత్రం "ఏవండీ" అంటాను. పెళ్ళయ్యాక గుమ్మం దగ్గర మా ఆడపడుచు అడ్డంగా నిలబడి, మొగుడి పేరు చెప్తేగానీ లోపలికి రానివ్వనంది. ఆ రోజు చెప్పాను. మళ్ళీ చెప్పింది ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరే!

ఇంకోటి ఉంది, అరుంధతీ నక్షత్రం. మా ముహూర్తం పగలు పదిన్నరకి. పంతులుగారు మండపం బయటికి తీసుకొచ్చి, మండే ఎండలో ఆకాశం వైపు వేలు చూపించి, "కనిపించిందా అమ్మా?" అన్నారు. "కనిపించింది" అన్నాను. ఈయన కూడా "ఆఁ, కనిపించింది" అన్నారు. కాపురం అలా మొదలైందన్నమాట, ఇద్దరం కలిసి చెప్పిన ఒక అబద్ధంతో.

ఇక వాలెంటైన్స్ డే. ఈ దేశం వచ్చాక అదీ అలవాటైంది. క్యాలెండర్లో ఒకరికొకరం ఇన్వైట్ పంపుకుంటాం. నవ్వకండి, మీలో సగం మంది ఇళ్ళల్లో ఇదే జరుగుతుంది. ఈసారి ఫిబ్రవరి 14న నేను ఆన్‌కాల్. సాయంత్రం ఏడింటికి సర్వర్ పడిపోయింది. ఆయన తెచ్చిన గులాబీలు నా లాప్‌టాప్ పక్కన, నేను రాత్రి పన్నెండు దాకా కాల్లో. మా ప్రేమ విందు ఆ రాత్రి పెరుగన్నం, మాగాయ.

ఆ తర్వాత మంగళవారం. స్కూళ్ళకి సెలవులు, మా అమ్మాయి ఫ్రెండు వాళ్ళతో తాహో మంచుకి వెళ్ళింది. ఇంట్లో ఇద్దరమే. ఆయన ఒక గదిలో, నేనొక గదిలో. మధ్యలో ఒక గోడ, ఒక వాట్సాప్. "లంచ్?" అని ఆయన పంపిస్తే "15 నిమిషాలు" అని నేను పంపిస్తాను. అలాంటిది ఆ రోజు పదింటికి తలుపు తీసి, "పద, ఎక్కడికైనా వెళ్దాం" అన్నారు.

"ఎక్కడికి?"

"నాపా వెళ్దామా? పదేళ్ళుగా అనుకుంటున్నాం."

"ఇప్పుడా? మీటింగులు లేవా?"

"లేవు."

నాకు ఆశ్చర్యం ఎక్కడేసిందంటే, ఆయన లాప్‌టాప్ తీసుకోలేదు. తిరుపతి రైల్లో కూడా లాప్‌టాప్ తెరిచిన మనిషి! అబ్బో, నలభై దాటాక ఈయనలో రొమాన్స్ మేలుకుంది అనుకున్నాను. ఒంట్లో బాలేదని ఆఫీసుకి మెసేజ్ పెట్టేశాను. మా మేనేజర్‌కి తెలుగు రాదు కాబట్టి ఈ మాట ఇక్కడ ధైర్యంగా చెప్తున్నా.

గంటన్నర దారి. ఫిబ్రవరిలో నాపా చూశారా? ద్రాక్ష తోటలనగానే గుత్తులు వేలాడుతుంటాయని అనుకుంటాం. చలికాలం కదా, ఒక్క ఆకు ఉండదు. అన్నీ కత్తిరించేసిన మోడులు. కానీ ఆ మోడుల వరసల మధ్య నేలంతా పసుపు. ఏంటా అని చూస్తే ఆవ పూలు! నేలకి బలమని వరసల మధ్య పెరగనిస్తారట. అంత ఆవ చూసేసరికి నా బుర్ర సరాసరి ఆవపెట్టిన పులిహోర మీదికి పోయింది. ఆయనేమో మోడుల వైపు చూసి, "వీటికీ లేఆఫ్ అయినట్టుంది" అన్నారు. నేను పడీపడీ నవ్వాను. ఆ నవ్వు గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు అసలు కామెడీ. చెప్పాపెట్టకుండా వెళ్ళడం అంటే ఎంతో స్వేచ్ఛ అనుకుంటాం కదా! మొదటి వైనరీలో "రిజర్వేషన్ ఉందా?" అన్నారు. లేదు. రెండోచోటా అదే ప్రశ్న. తర్వాత తెలిసింది, 1990 తర్వాత వచ్చిన వైనరీలు ముందు అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్ళకే టేస్టింగ్ పెట్టాలని నాపా కౌంటీ రూలు. అంటే మనసుకి తోచినప్పుడు రావడానికి కూడా క్యాలెండర్ ఇన్వైట్ కావాలన్నమాట. మూడోది చిన్న వైనరీ. ఎవరో రానన్నారట, మమ్మల్ని కూర్చోబెట్టారు.

పోసేది ఒక పెద్దావిడ. గ్లాసు ఇంత పెద్దది, వైన్ మాత్రం ఉగ్గుగిన్నెడు. ముందు రంగు చూడాలి, గ్లాసు తిప్పాలి, వాసన చూడాలి, అప్పుడు నోట్లో పోసుకుని అటూ ఇటూ తిప్పాలి. వద్దనుకుంటే పక్కనున్న గిన్నెలో ఉమ్మేయొచ్చు. తిరుగు డ్రైవింగ్ నాది కాబట్టి నేను శ్రద్ధగా ఉమ్మేశాను. మా అమ్మ చూస్తే "డబ్బులిచ్చి కొనుక్కుని పుక్కిలిస్తారా!" అని బుగ్గలు నొక్కుకునేది.

మొదట తెల్లది, షార్డొనే. "ఎలా ఉంది?" అందావిడ. "బావుంది" అన్నారీయన. "బావుంది కాదు, మీకేం తెలుస్తోందో చెప్పండి, ఇందులో తప్పు జవాబు ఉండదు" అంది. తర్వాత ఎర్రది, కాబర్నే సావిన్యాన్. ద్రాక్ష తొక్కల్లోంచీ గింజల్లోంచీ వచ్చే టానిన్ వల్ల నాలుక ఎలా పట్టేసినట్టవుతుందో పాపం ఆవిడ చేతులతో, మూతితో అభినయం చేస్తోంది. నేను ఆయన వైపు చూశాను, ఆయన నా వైపు చూశారు. ఇద్దరం ఒకేసారి "వగరు" అన్నాం. మనకి అల్లనేరేడు తెలుసు, అరటికాయ తెలుసు, ఉగాది పచ్చడిలో మామిడి పిందె తెలుసు. ఏడాదికోసారి ఆరు రుచులూ నాలుక మీద పెట్టుకుని ఏది ఏదో చెప్పుకునే జాతి మనది. మనకి వైన్ టేస్టింగ్ నేర్పేదేముంది చెప్పండి!

అప్పుడావిడ ఒక కథ చెప్పింది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వైన్ వ్యాపారి ఒక పోటీ పెట్టాడు. ఫ్రాన్సులో గొప్ప వైన్లు కొన్ని, కాలిఫోర్నియావి కొన్ని. జడ్జీలు తొమ్మిది మంది ఫ్రెంచివాళ్ళు. ఏది ఏ వైనో తెలియకుండా లేబుళ్ళు దాచేసి పోశారు. తీరా మార్కులు కూడితే తెల్లవాటిలో షాతో మాంటెలీనా, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ మొదటి స్థానంలో ఉన్నాయి. రెండూ నాపావే, 1973 పంటవే. లేబుల్ కనపడితే ఆ మార్కులు పడేవా అని నవ్విందావిడ.

ఈయన నవ్వలేదు. గ్లాసు తిప్పుతూ, తెలుగులో, చాలా మామూలుగా, "నా లేబుల్ కూడా పొద్దున్న పీకేశారు" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "ఏంటండీ?" అన్నాను.

"ఐదింటికి మెయిల్ వచ్చింది. మా టీమ్ మొత్తం."

లాప్‌టాప్ ఎందుకు తేలేదో అప్పుడు తెలిసింది. మోడుల దగ్గర నేను నవ్విన నవ్వు గుర్తొచ్చింది. కడుపులో తిప్పినట్టయింది. వెంటనే కోపం వచ్చింది. "ఐదింటికి తెలిస్తే నాతో ఇప్పుడా చెప్పడం?" అన్నాను. "పొద్దున్న చెప్తే నువ్వు ఎక్సెల్ షీట్ తెరుస్తావు. ఒక్కపూట తెరవకుండా ఉందామనిపించింది" అన్నారు. ఏం జవాబు చెప్పను? అప్పటికే నా బుర్రలో ఆ షీట్ తెరుచుకుంది. ఇంటి లోన్, ఇన్సూరెన్స్, పాప ఆర్థడాంటిస్ట్, హెచ్-1బి వాళ్ళకి ఉద్యోగం పోతే ఉండే 60 రోజుల గడువు.

ఇక్కడ మీకు నా పాత కథ చెప్పాలి. నేను ఈ దేశానికి హెచ్-4 మీద వచ్చాను. డిపెండెంట్. ఇంజనీరింగ్ చదివి ఏడేళ్ళు ఇంట్లో కూర్చున్నాను, ఎందుకంటే అప్పట్లో హెచ్-4 మీద పనిచేయనిచ్చేవారు కాదు. 2015 మేలో రూలు మారింది, అప్పుడు ఉద్యోగంలో చేరాను. తర్వాత మా కంపెనీ నాకు సొంతంగా హెచ్-1బి చేయించింది. ఆ "డిపెండెంట్" అనే మాట ఫారాల్లో రాసినప్పుడల్లా నాకెంత చిన్నతనంగా ఉండేదో ఆయనకి తెలుసు.

ఆయన గ్లాసు కింద పెట్టి, "నన్ను నీ డిపెండెంట్‌గా చేర్చుకుంటావా?" అన్నారు.

చూడండి, మా పెళ్ళిలో ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు, మేం తలూపాం. మోకాలి మీద కూర్చోవడాలు, ఉంగరాలు మాకు లేవు. 17 ఏళ్ళ తర్వాత మా ఆయన నన్ను మొదటిసారి అడిగారు, అదీ వీసా కోసం! నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పెద్దావిడ కంగారుపడి, కాబర్నే మరీ వగరుగా ఉందా అనడిగింది. లేదమ్మా, బావుందన్నాను. తప్పు జవాబే, కానీ ఇంకేం చెప్పను?

చీకటి పడ్డాక పిజ్జా తిని బయల్దేరాం. సిల్వరాడో ట్రైల్ మీద, వీధి దీపాల్లేని చోట కారు పక్కకి ఆపమన్నారు. తొమ్మిదైంది. ఈశాన్యాన కొండ పైన సప్తర్షులు నిలువుగా లేస్తున్నారు. తోకలో చివరి నుంచి రెండోవాడు వశిష్ఠుడు. కాసేపు కళ్ళు చిట్లించి చూశాను. ఆయన పక్కనే, ఆవగింజంత, అరుంధతి. నిజంగా ఉందండీ!

"నాకు కనిపించింది. మీకు?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు, పైకి పెట్టారు, కిందికి దించారు. "నిజం చెప్పనా?" అన్నారు.

"చెప్పండి."

"కనిపించట్లేదు. పెళ్ళినాడూ కనిపించలేదు."

"నాకూ ఆ రోజు కనిపించలేదండీ" అన్నాను.

అదండీ సంగతి. హెచ్-4 కాగితాలు పంపించాం. ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి, ఇంకా ఏదీ తేలలేదు. ఎక్సెల్ షీట్ మర్నాడు తెరిచాం, ఇద్దరం పక్కపక్కన కూర్చుని, ఒకే గదిలో. ప్రస్తుతం ఈ కెమెరా వెనకాల ఉన్నది ఆయనే. ఈ ఎపిసోడ్ నుంచి వీడియో కొంచెం బావుంటే ఆ పుణ్యం ఆయనది. జీతం లేదు, భోజనం మాత్రం పెడుతున్నాను. చేతులు ఊపుతున్నారు, టైమైపోయిందట.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. ఈలోపు మీ ఇంట్లో పక్కగదిలో ఉన్న మనిషికి మెసేజ్ పెట్టకుండా, తలుపు తీసి పలకరించండి. ఉంటానండీ.