దంతవైద్య ప్రవేశ పరీక్ష – మన గ్రంథాలయము
(రజతోత్సవ సభలో ఒక విశ్రాంత జంతుశాస్త్రోపన్యాసకులు గావించిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరముల క్రిందట రామమందిరపు టరుగుమీద రెండు బీరువాలతో ఆరంభమైన మన గ్రంథాలయము నేడు రజతోత్సవము జరుపుకొనుచున్నది. దాని సేవను కొనియాడుటకు నాకంటె పెద్దలు ఈ వేదికపై నున్నారు. ముప్పదియేండ్లు ఇంటర్మీడియెట్ విద్యార్థులకు పాఠములు చెప్పినవాడను గనుక, నాకు తెలిసిన ఒక్క విషయమునే విన్నవించుకొందును. దంతవైద్య కళాశాలలో చేరగోరు మన పిల్లలు ప్రవేశ పరీక్షకు ఎట్లు సిద్ధపడవలెను, అందులకు ఈ గ్రంథాలయము ఏమి చేయగలదు అనునదే ఆ విషయము.

ముందుగా నా తప్పొకటి ఒప్పుకొనవలెను. కొన్నేండ్ల క్రిందట మా తమ్ముని కుమార్తెకు రెండవ ప్రయత్నమున బి.డి.యస్.లో సీటు వచ్చినది. ఎం.బి.బి.యస్.కు మార్కులు చాలలేదు. ఆ వార్త చెప్పవచ్చిన తమ్మునితో నేను, "పోనీలే, పళ్లు పీకియైనను బ్రతుకును" అంటిని. పిల్ల ఆ మాట విన్నది, బదులు చెప్పలేదు. మూడేండ్ల తరువాత సంక్రాంతి సెలవులకు వచ్చి, నలువదియేండ్లుగా అడ్డపొగ త్రాగుచున్న మా పెద్దక్క నోరు తెరిపించి చూచినది. అంగిలి తెల్లబారి, ఒకచోట ఎఱ్ఱని పుండు పడియుండెను. నొప్పి లేదు గనుక అక్క ఎవరితోను చెప్పలేదు. పిల్ల పట్టుబట్టి విశాఖపట్టణము తీసికొనిపోయినది. అది రాచపుండనియు, ఇంకను తొలిదశలోనే యున్నదనియు తేలినది. శస్త్రచికిత్స జరిగినది. మా అక్క నేడీ సభలో ముందు వరుసలో కూర్చుండియున్నది.

చుట్ట నిప్పువైపు నోటిలో పెట్టుకొను ఈ అలవాటునకును అంగిలి రాచపుండునకును గల సంబంధమును 1960, 1970 దశకములలోనే పరిశోధకులు మన ఉత్తరాంధ్ర జిల్లాలలో పరిశీలించి ప్రకటించిరి. అయినను మన స్త్రీల నోటిలోనికి తొంగిచూచు వైద్యులేరీ? కావున బిడ్డలకు నా మొదటి మాట ఇది: వైద్యవిద్యలో సీటు తప్పినవారికి దొరకు ఊరడింపుగా దంతవైద్యమును తలపకుడు. డాక్టర్ ఆర్. అహ్మద్ గారు అమెరికాలో ఈ విద్య నభ్యసించి వచ్చి, 1920లో కలకత్తాలో మన దేశపు మొదటి దంతవైద్య కళాశాలను స్థాపించిరి. దాని ఖర్చునకు ఆయన నడిపిన ఐస్‌క్రీము దుకాణపు ఆదాయము తోడ్పడెను. ఊరడింపు కొరకెవ్వరును అంత శ్రమపడరు.

ఇక పరీక్ష సంగతి. పూర్వము ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఈ ప్రవేశములకు ఎంసెట్ ఆధారముగా నుండెను. 2017 నుండి మన రాష్ట్రపు సీట్లకును 'నీట్' పరీక్షయే ఆధారమైనది. ఎం.బి.బి.యస్.కును బి.డి.యస్.కును పరీక్ష యొక్కటే. 2025లో జరిగిన పరీక్షలో ప్రశ్నలు 180, కాలము 180 నిమిషములు, మార్కులు 720. భౌతికశాస్త్రమున 45, రసాయనశాస్త్రమున 45, జీవశాస్త్రమున 90 ప్రశ్నలు. ఒప్పునకు నాలుగు మార్కులు. తప్పునకు ఒక మార్కు కోత.

ఈ కోత సంగతి శ్రద్ధగా వినవలెను. ఒక విద్యార్థి 180 ప్రశ్నలకును జవాబు పెట్టినాడు. 120 ఒప్పు, 60 తప్పు. అతనికి 480లో 60 పోగా 420 మార్కులు. మరియొకడు 140 ప్రశ్నలకే పెట్టినాడు. 120 ఒప్పు, 20 తప్పు. అతనికి 460 మార్కులు. ఇద్దరి చదువును ఒక్కటే. మార్కులలో తేడా నలువది. అట్లని ప్రతి సందేహమునకును జంకనక్కరలేదు. నాలుగు జవాబులలో రెండు కావని దృఢముగా తెలిసినచో, మిగిలిన రెండింటిలో నొకటి ఎన్నుకొనుట లాభమే. ఏమియు తెలియక గుడ్డిగా పెట్టినచో సగటున దక్కునది ప్రశ్నకు పావు మార్కు మాత్రమే. అంతకంటె ప్రమాదమైనది సగము తెలిసి, అంతయు తెలిసినదనుకొనుట. పరీక్షకులు తప్పు జవాబులను ఆ సగము తెలివికి నచ్చునట్లే కూర్తురు. కావున ఏది తెలియునో, ఏది తెలియదో నిజముగా ఎఱుగుటయే ఈ పరీక్షకు కావలసిన ముఖ్యమైన సాధన.

ఆ సాధన ఎట్లు? మా తమ్ముని కుమార్తె మొదటి సంవత్సరము పట్టణమున కోచింగుకు పోయినది. అందులకు మా తమ్ముడు అరయెకరము తాకట్టు పెట్టినాడు. ఆమె గదినిండ పుస్తకములు చేరినవి. ఏదియు రెండవమారు చదువలేదు. రెండవ సంవత్సరము ఇంటికి వచ్చి, ఈ గ్రంథాలయపు తూర్పు కిటికీ వద్ద బల్లమీద చదివినది. పదునొకండు, పండ్రెండు తరగతుల ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకములను మాత్రమే పెట్టుకొని మరల మరల చదివినది. ఒక 'తప్పుల పుస్తకము' వ్రాసికొన్నది. ప్రశ్న, తానేమనుకొన్నది, ఎందుకు తప్పినది అని దానిలో మూడు గడులు. మొదటి రెండు నెలలలో సగమునకు పైగా తప్పులు తెలియక చేసినవి కావు. 'కానిది ఏది' అని అడిగినచోట 'అయినది ఏది' అని చదివినందువలన కలిగినవి. ఆ సంగతి ఏ గురువును ఆమెకు చెప్పలేదు. ఆమె వ్రాత ఆమెకు చెప్పినది.

బై.పి.సి. పిల్లలు భౌతికశాస్త్రమును చూచి భయపడి దాటవేయుదురు. అది 180 మార్కులు, అనగా పరీక్షలో నాలుగవ వంతు. దినమునకు పది లెక్కలైనను చేతితో చేసి చూడవలెను. జీవశాస్త్రము సగము పరీక్ష. దానిని ముందుగా యాబది నిమిషములలో ముగించుకొన్నవారికి లెక్కలకు ఊపిరి దొరకును. 2025లో పరీక్ష మధ్యాహ్నము రెండు గంటల నుండి అయిదు వరకు జరిగినది. భోజనానంతరము నిద్రముంచుకొని వచ్చు వేళ అది. కావున అభ్యాస పరీక్షలును ఆ వేళకే వ్రాయవలెను.

తెలుగు మాధ్యమమువారు నిరాశ చెందనక్కరలేదు. ప్రశ్నపత్రము తెలుగులోనుగూడ ఉన్నది, దరఖాస్తునాడే కోరుకొనవలెను. కాని అనువాదమున సందేహము కలిగినచో ఇంగ్లీషు పాఠమే ప్రమాణము. కళాశాలలో బోధనయు ఇంగ్లీషుననే. అందుచేత పింగాణి పొర అని నేర్చిన పిల్ల ఎనామెల్ అను మాటను గూడ ప్రక్కనే వ్రాసికొనవలెను. తెలుగులో అర్థము చేసికొని, ఇంగ్లీషు పేరుతో గుర్తుంచుకొనుట మేలు.

తుదకు కార్యవర్గమువారికి మూడు విన్నపములు. ఒకటి: రెండు తరగతుల పాఠ్యపుస్తకములు రెండేసి ప్రతులు, గత సంవత్సరముల ప్రశ్నపత్రములు తెప్పింపుడు. 2023లో పాఠ్యాంశముల పట్టికనుండి కొన్ని అధ్యాయములను తొలగించిరి గనుక, ఏటేటి పట్టికను గోడపై అంటింపుడు. రెండు: రాత్రి పది గంటలవరకు ఒక దీపము, ఒక బల్ల విద్యార్థులకు విడువుడు, ఆడపిల్లలను ఇంటికి చేర్చుటకు పెద్దలొకరు ఉండవలెను. మూడు: ప్రతి ఆదివారము మధ్యాహ్నము రెండు గంటలకు ఇచ్చట అభ్యాస పరీక్ష పెట్టుడు. పర్యవేక్షణకు నేను వచ్చెదను. నాకు వేరే పనిలేదు.

ఇంతచేసినను అందరికిని సీటు వచ్చునని నేను చెప్పజాలను. కాని పొలము తాకట్టు పెట్టకయే ఒక పిల్ల నిజాయితీగా ప్రయత్నింపగల చోటు ఈ ఊర నున్నదని మాత్రము చెప్పగలుగుదుము. సీటు వచ్చిన పిల్లతో, నేనన్న మాట మరెవ్వరును అనకుందురు గాక.