ముయ్యి వేరు, వెట్టి వేరు



మన పల్లెల్లో తెల్లవారుజామున క్యారియర్ చేతబట్టుకుని, రోడ్డు పక్కన బండి కోసం నిలబడే ఆడపిల్లలను మీరు చూసే ఉంటారు. కుట్టు ఫ్యాక్టరీలకు పోయే పిల్లలు వాళ్లు. సాయంత్రం వాళ్లు ఇల్లు చేరేటప్పటికి దీపాలు పెట్టి చాలాసేపు అయి ఉంటుంది. గడపలో కూర్చున్న తల్లి అడుగుతుంది:

"ఏమ్మా, ఇంత పొద్దు పోయింది?"

"టార్గెట్ కాలేదంట. అరగంట కూర్చోబెట్నారు."

"దానికి దుడ్లు ఇస్తారా?"

"యాడిస్తారమ్మా!"

ఆ మాట అనేసి ఆ పిల్ల కాళ్లు కడుక్కుని పొయ్యి దగ్గరకు పోతుంది. సంభాషణ అంతటితో అయిపోతుంది. కాని ఆ "యాడిస్తారమ్మా" అన్న మాటలో ఒక నిట్టూర్పు ఉంది. ఈ రోజు దాన్ని గురించే మీతో నాలుగు మాటలు మాట్లాడాలనుకుంటున్నాను.

ఇది కుట్టు మిషను ముందు కూర్చునే పిల్లల సంగతి మాత్రమే కాదు. బట్టల దుకాణంలో షట్టరు దించాక కూడా గంటసేపు బట్టలు మడతపెట్టే కుర్రవాడు ఉన్నాడు. బడి వదిలాక పేపర్లు దిద్దుతూ కూర్చునే ప్రైవేటు బడి టీచరమ్మ ఉంది. అంగన్‌వాడీ మూసిన తరువాత సర్వే కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే కార్యకర్త ఉంది. వీళ్లందరినీ వేధించే ప్రశ్న ఒకటే. ఇచ్చిన జీతానికి మించి పని చేస్తున్నాం. ఆ ఎక్కువ పనికి పైసా లేదు. మరి రేపు పొద్దున మళ్లీ ఉత్సాహంగా పనికి పోయేది ఎట్లా?

సాధారణంగా పెద్దలు చెప్పే సమాధానం ఏమిటి? "పనిని ప్రేమించు నాయనా, ఫలితం అదే వస్తుంది" అంటారు. మంచి మాటే. కాని అది సగం మాట. మిగతా సగం మన చేలల్లోనే ఉంది. వినండి.

పావగడ తాలూకాలో పెద్దవాళ్లను అడిగితే ముయ్యి అంటే ఏమిటో చెబుతారు. శెనక్కాయ పెరికే కాలం వస్తుంది. అందరి చేలూ ఒకేసారి పక్వానికి వస్తాయి. కూలికి పిలుద్దామంటే చేతిలో దుడ్లు ఉండవు. అప్పుడు ఏం చేసేవాళ్లు? ఈ రోజు మా ఇంటి నుంచి ఇద్దరు మీ చేనికి వస్తారు. ఎల్లుండి మీ ఇంటి నుంచి ఇద్దరు మా చేనికి రావాలి. ఇదే ముయ్యి. కన్నడంలో కూడా ముయ్యాళు అంటారు. మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఉన్న మన తాలూకాలో ఈ మాట రెండు భాషలకూ చుట్టమే.

గమనించారా? ముయ్యిలో కూడా పైసా చేతులు మారదు. పొద్దు పొడిచినప్పటి నుంచి వంగిన నడుం వంగినట్టే ఉంటుంది. అయినా ముయ్యికి పోయినవాళ్లు నవ్వుతూ, ఎగతాళి చేసుకుంటూ పని చేసేవాళ్లు. ఎందుకని? కాగితం లేకపోయినా అక్కడ లెక్క ఉంది. ఎవరింటి నుంచి ఎందరు వచ్చారు, ఎన్ని రోజులు వచ్చారు, అన్నీ ఇంటి ఆడవాళ్ల నాలుక చివర ఉండేవి. తిరిగి రాకపోతే ఊరంతా అడిగేది.

దీనికి ఎదురుగా ఇంకొక మాట ఉంది. అది వెట్టి. అక్కడ కూడా పైసా లేదు. కాని అక్కడ లెక్క అడిగే హక్కు కూడా లేదు. మన రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిచాకిరిని నిషేధించింది. 1976లో వచ్చిన చట్టం జీతగాళ్లను కట్టివేసిన అప్పులను రద్దు చేసింది. 1982లో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఢిల్లీలో ఏషియాడ్ ఆటల కోసం కట్టడాలు కడుతున్న కూలీల కేసు అది. కనీస కూలి కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకుంటే అది కూడా బలవంతపు చాకిరీయే అని కోర్టు చెప్పింది. కట్టేది కొరడా మాత్రమే కాదు, ఆకలి కూడా మనిషిని కట్టివేస్తుందని ఆ తీర్పు సారాంశం.

ఫ్యాక్టరీలో పోయే ప్రతి అరగంటా వెట్టి అని నేను అనడం లేదు. షిప్‌మెంట్ ఆలస్యమైందని ఒక రోజు యజమాని అడుగుతాడు. "ఈ రోజు సాయం చేయండమ్మా, వచ్చే వారం ముందుగా పంపిస్తాను" అంటాడు, అన్నట్టే పంపిస్తాడు. అటువంటి చోట మన మనిషి లెక్క చూసుకోడు, సంతోషంగా చేస్తాడు. అది ముయ్యి. అడగకుండానే తీసుకుని, తీసుకున్నట్టు కూడా ఒప్పుకోకపోతే అది వెట్టి వైపు నడుస్తున్నట్టు. మనిషిలో ఉత్సాహాన్ని చంపేది అలసట ఒక్కటే కాదు శ్రోతలారా. తన గంట ఎవరి లెక్కలోనూ లేదన్న బాధ అంతకంటే ఎక్కువగా చంపుతుంది.

ఒక్క పోలిక చెబుతాను. తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్లలో 13 వేల ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చిన సంగతి మీకు తెలుసు. 2018 మార్చిలో ప్రారంభమైంది, 2019 డిసెంబరు నాటికి 2,050 మెగావాట్ల సామర్థ్యానికి చేరింది. భూమి ఇచ్చిన రైతుకు మొదట ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయల కౌలు కాగితం మీద రాశారు. రెండేళ్లకొకసారి అయిదు శాతం పెంపు కూడా రాశారు. మంచిదే. వానకు ముఖం వాచిన ఎకరం నేలకు లెక్క కుదిరింది. మరి మనిషి గంటకు లెక్క ఉండవద్దా?

చట్టంలో లెక్క ఉంది. ఒకప్పుడు, అంటే 1934 చట్టం ప్రకారం, ఫ్యాక్టరీలో వారానికి 54 గంటలు పని. 1946లో వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడుగా ఉన్న డాక్టర్ అంబేద్కర్ తెచ్చిన సవరణతో అది 48 గంటలైంది. 1948 ఫ్యాక్టరీల చట్టం దాన్ని నిలబెట్టింది. ఆ పైన చేసే ప్రతి గంటకూ రెట్టింపు కూలి అని చెప్పింది. 2023లో కర్ణాటకలో రోజువారీ గంటల పరిమితిని సవరించారు. 2025 నవంబరు 21న నాలుగు కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఇన్ని మార్పులు వచ్చినా రెట్టింపు కూలి అనే మాట చెక్కు చెదరలేదు. పైగా ఓవర్‌టైమ్‌కు కార్మికుడి ఒప్పుదల ఉండాలని కొత్త కోడ్ అంటోంది. దుకాణాల్లో పనిచేసేవారికి 1961 నాటి కర్ణాటక చట్టం కూడా రెట్టింపే చెబుతుంది.

ఇప్పుడు ఆ అరగంట విలువ ఎంతో చూద్దాం. లెక్క కోసం నెల జీతం 12 వేల రూపాయలు అనుకుందాం. రోజుకు 8 గంటలు, నెలకు 26 రోజులు, మొత్తం 208 గంటలు. అంటే గంటకు సుమారు 58 రూపాయలు. రోజుకు అరగంట చొప్పున నెలకు 13 గంటలు ఎక్కువ. రెట్టింపు లెక్కన అది 1,500 రూపాయలు. ఏడాదికి 18 వేలు. అంటే నెలన్నర జీతం! "అరగంటే కదా" అని మనం వదిలేసేది ఎంతో చూశారా? సంఘానికి కట్టే కంతులు ఎన్ని తీరతాయో ఆలోచించండి.

ఒంటికి జరిగే నష్టం దీనికి అదనం. వారానికి 55 గంటలు, ఆ పైన పని చేసేవారికి, 35 నుంచి 40 గంటలు పని చేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. జపాన్‌లో జీతం లేని అదనపు పనికి "సర్వీసు ఓవర్‌టైమ్" అని తియ్యని పేరు పెట్టుకున్నారు. చివరకు అతిగా పనిచేసి చనిపోవడానికి "కరోషి" అనే మాటే పుట్టింది. దాన్ని నివారించడానికి 2014లో వాళ్లు ప్రత్యేకంగా చట్టం చేసుకోవలసి వచ్చింది.

అయితే రేపు పొద్దున మనం చేయగలిగేది ఏమిటి?

మొదటిది, ఒక చిన్న నోటు పుస్తకం కొనండి. లోపలికి పోయిన వేళ, బయటికి వచ్చిన వేళ ప్రతిరోజూ రాయండి. ఈ పుస్తకం ఎవరితోనో పోట్లాడటానికి మాత్రమే కాదు. అది ముందు మీ మనసు కోసం. ఎవరూ లెక్కపెట్టని గంటను మీరు లెక్కపెట్టారు. ఆ గంట ఉట్టినే పోలేదు. రాసుకోవడం మొదలుపెట్టినవాళ్ల నడకలోనే తేడా వస్తుంది.

రెండవది, చేతిపనిని, యజమాని తీరును కలిపి చూడవద్దు. కాలరు వంకర లేకుండా కుట్టడం మీ చేతి విద్య. అది మీతోనే వస్తుంది, రేపు ఇంకొక చోట అన్నం పెడుతుంది. యజమాని మీద కోపంతో కుట్టు చెడగొడితే మన విద్యనే మనం చెడగొట్టుకున్నట్టు. పనిలో నాణ్యత తగ్గించవద్దు, గంటల లెక్కా వదలవద్దు. రెండూ ఒకే మనిషి చేయవచ్చు.

మూడవది, ఒంటరిగా అడగవద్దు. దున్నే ఎద్దునే పొడుస్తారని సామెత. ఒక్కరు అడిగితే ఉద్యోగం పోతుందన్న భయం ఉంటుంది. ఆ భయం అబద్ధం కాదు, ఇంట్లో కంతులు ఉన్నవాళ్లకు అది తెలుసు. కాని 2016 ఏప్రిల్‌లో బెంగళూరులో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ప్రావిడెంట్ ఫండ్ డబ్బు తీసుకునే నిబంధన మార్చారని వేలాది మంది గార్మెంట్ కార్మికులు, చాలావరకు ఆడవాళ్లు, రోడ్డు మీదికి వచ్చారు. కేంద్ర ప్రభుత్వం ఆ నిబంధనను వెనక్కు తీసుకుంది. మీరు రోడ్డు మీదికి రానక్కరలేదు. ఒకే లైనులో కూర్చునే పదిమంది పది నోటు పుస్తకాలు పట్టుకుని, మర్యాదగా, "సార్, ఈ గంటలు ఎప్పుడు కలుపుతారు?" అని అడిగితే చాలు. అప్పటికీ కాకపోతే కార్మిక శాఖ కార్యాలయం ఉంది. రావలసిన కూలి కోసం మూడేళ్ల లోపల అర్జీ పెట్టుకోవచ్చునని కొత్త కూలి కోడ్ చెబుతోంది. కూలి ఇచ్చినట్టు రుజువు చూపవలసిన భారం కూడా యజమానిదే.

నాలుగవది ఇంట్లో వాళ్లకు. పొద్దుపోయి వచ్చిన ఆడపిల్ల మళ్లీ పొయ్యి దగ్గర కూర్చుంటే ఆ గంటలు ఎవరి లెక్కలో రాయాలి? ఫ్యాక్టరీ లెక్క అడిగే ముందు మన ఇంటి లెక్క కూడా ఒకసారి చూసుకుందాం. అన్నలూ, తమ్ముళ్లూ, ఆ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టడం మీకూ వచ్చు. ఇల్లు కూడా ముయ్యిగానే నడవాలి.

ఇక యజమానులకు, సూపర్‌వైజర్లకు ఒక మాట. టార్గెట్ ఒత్తిడి మీ మీదా ఉంటుంది, కాదనను. కాని చెప్పి తీసుకున్న గంటకు మనిషి మనసు కూడా కలిసి వస్తుంది. చెప్పకుండా తీసుకున్న గంటకు చేతులు మాత్రమే వస్తాయి.

శ్రోతలారా, ఉత్సాహం అనేది ఉపన్యాసాలు వింటే వచ్చేది కాదు, నా ఈ ప్రసంగం వింటే కూడా రాదు. నా శ్రమకు లెక్క ఉంది, ఆ లెక్క అడిగే నోరు నాకుంది అన్న నమ్మకం నుంచి అది వస్తుంది. ఈ రాత్రి మీ ఇంటి పిల్ల పొద్దుపోయి వస్తే "దుడ్లు ఇస్తారా?" అని అడిగి ఊరుకోవద్దు. "ఎన్ని గంటలైందమ్మా, రాసుకున్నావా?" అని అడగండి.