వాన జాడ వెతికిన నూటయాభై ఏళ్లు



రాయలసీమ పెద్దల నోట 'ధాత కరువు' అనే మాట మీలో కొందరైనా విని ఉంటారు. అది 1876, ధాత నామ సంవత్సరం. ముంగారు వానలు మొహం చాటేశాయి. తర్వాత రావలసిన ఈశాన్య రుతుపవనాలూ అంతంతమాత్రమే. మరుసటి ఏడూ కాలం కలిసి రాలేదు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల జనం ఊళ్లు వదిలి కరువు పనులకు తరలిపోయారు. రోజంతా రాళ్లు కొట్టిన మగమనిషికి బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ దొర ఖరారు చేసిన కూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా. అదే సమయంలో రేవుల్లో ధాన్యం ఓడలకెక్కుతూనే ఉంది. దక్షిణ, పడమటి భారతంలో అరకోటి మందికి పైగా చనిపోయారు. అందుకే ఆ చావులన్నీ వాన ఖాతాలో రాయడానికి నా మనసు ఒప్పదు. వాన రాకపోవడం ఆకాశం పని, గింజ దక్కకపోవడం మనుషుల పని.

ఆకాశం సంగతికి వద్దాం. భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో, అంటే ఆ కరువుకు సరిగ్గా ఏడాది ముందు. దాని అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్, వాన రాకను ముందే పసిగట్టగలమా అని వెతకడం మొదలుపెట్టాడు. హిమాలయాల మీద మంచు ఎక్కువ పడిన ఏడు వానలు తగ్గుతున్నాయని గమనించి, 1886 నుంచి ఏటా అంచనాలు ప్రకటించాడు. ఆయన తర్వాత వచ్చిన జాన్ ఎలియట్ 1899లో వానలు బాగా పడతాయని చెప్పాడు. ఆ ఏడు దేశాన్ని ఘోరమైన కరువు కమ్మేసింది.

1904లో గిల్బర్ట్ వాకర్ వచ్చాడు. ఆయన కేంబ్రిడ్జి గణితవేత్త, వాతావరణ శాస్త్రం ఆయన చదువు కాదు. వాన ఎందుకు పడుతుందో నాకు తెలియదు, అంకెలనే అడుగుదాం అన్నట్టుగా పనిలోకి దిగాడు. ఆ పని ఎలా సాగిందో కాస్త ఊహించండి. ఎక్కడో ఒక దూరదేశపు ఊళ్లో గాలి పీడనం ఒక వరుసలో, మన దేశపు వాన ఇంకో వరుసలో, ఏళ్ల తరబడి అంకెలు రాసుకోవాలి. ప్రతి ఏటి అంకె సగటుకు ఎంత హెచ్చో, ఎంత తగ్గో తీయాలి. ఆ తేడాలను జంట జంటగా గుణించి కూడాలి. ఇదంతా కాగితం మీద, చేత్తో. ఒక జంట వరుసలు అయ్యాక మరో జంట. ఇరవై ఏళ్లు ఈ లెక్కలు మోసినవాళ్లు మన దేశపు గుమాస్తాలు. పుస్తకాల్లో మిగిలింది వాకర్ పేరు, వాళ్లలో చాలామంది పేర్లు మనదాకా రాలేదు.

ఆ అంకెల్లోంచి ఒక పెద్ద తక్కెడ బయటపడింది. దక్షిణ అమెరికా వైపు పసిఫిక్ మీద పీడనం పెరిగితే ఇండోనేషియా, ఆస్ట్రేలియా వైపు తగ్గుతుంది, మొదటి వైపు తగ్గితే రెండో వైపు పెరుగుతుంది. 1920లలో వాకర్ దానికి 'సదరన్ ఆసిలేషన్' అని పేరు పెట్టాడు. కారణం మాత్రం ఆయన చెప్పలేకపోయాడు.

ఆ కారణం 1969లో జేకబ్ బ్యెర్క్‌నెస్ రాసిన వ్యాసంతో స్పష్టమైంది. మామూలు ఏళ్లలో తూర్పుగాలులు పసిఫిక్ వెచ్చని నీటిని ఇండోనేషియా వైపు నెడతాయి. ఆ వెచ్చదనానికి అక్కడ గాలి పైకి లేచి మబ్బు కడుతుంది. గాలులు నీరసిస్తే వెచ్చని నీరు పెరూ వైపు మళ్లుతుంది, దాని వెంటే మబ్బులూ తూర్పుకు జరుగుతాయి. మనవైపు గాలి కిందికి దిగి మబ్బును ఎదగనివ్వదు. పెరూ జాలరులు ఎప్పటినుంచో ఎరిగిన ఎల్ నినో ఇదే. ధాత కరువు నాటి 1877లో వచ్చింది కూడా బలమైన ఎల్ నినోయే.

ఇక చిక్కు విడిపోయినట్టే అనిపించింది. అప్పుడు 1997 వచ్చింది. ఆ శతాబ్దంలోనే అతి బలమైన ఎల్ నినోల్లో ఒకటి అది. అందరూ కరువు తప్పదనుకున్నారు, కాని దేశంలో వాన సగటు కంటే కాస్త ఎక్కువే పడింది. ఐదేళ్ల తర్వాత 2002లో ఎల్ నినో అంత బలమైనదేమీ కాదు. అయినా నాట్లు పడాల్సిన జులైలో వాన దాదాపు సగానికి పడిపోయింది.

1997 ముడికి ఒక జవాబు 1999లో మన హిందూ మహాసముద్రంలోనే దొరికింది. సాజి, గోస్వామి, వినయచంద్రన్, జపాన్‌కు చెందిన యమగత కలిసి 'డైపోల్'ను బయటపెట్టారు. సుమత్రా దగ్గర సముద్రం చల్లబడి ఆఫ్రికా వైపు వేడెక్కితే, అది తరచు మన వానకు దన్నుగా నిలుస్తుంది. 1997లో సరిగ్గా అదే జరిగింది. రెండో జవాబు 2006లో కృష్ణకుమార్ బృందం ఇచ్చింది. వేడి పెరూ దగ్గరే ఆగితే మనకు ముప్పు తక్కువ, పసిఫిక్ నడిబొడ్డున పేరుకుంటే ఎక్కువ.

అసలు ఎల్ నినో అంటే అందరికీ కరువే అనుకోవడం తప్పు. 2015 చూడండి. నైరుతి వానల్లో దేశానికి 14 శాతం లోటు, మరాఠ్వాడా, తెలంగాణ పొలాలు ఎండాయి. అదే ఏడు నవంబరులో నెల్లూరు జిల్లా వరదలో మునిగింది, ఎందుకంటే ఎల్ నినో ఏళ్లలో ఈశాన్య వానలు తరచు బలపడతాయి. అదీ రాతిమీద గీత కాదు. 2021లో ఎల్ నినోకు వ్యతిరేకమైన లా నినా ఉన్నా, ఈశాన్య వానలకే కడప జిల్లాలో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది.

అందుకే దేశానికంతటికీ కలిపి చెప్పే ఒక్క శాతంతో రైతు పని జరగదు. తన మండలంలో పదును ఎప్పుడు దొరుకుతుంది, విత్తు వేశాక ఎన్నాళ్లు వాన ఆగుతుంది అన్నది ఆయనకు కావాలి. వాతావరణ శాఖ ఇప్పుడు ప్రతి గురువారం రానున్న నాలుగు వారాల అంచనా ఇస్తోంది. అది మండలం దాకా, విత్తే రోజు దాకా నమ్మకంగా చేరడమే మిగిలిన పని.